ఊళ్లో పెద్దలు, దూరదేశంలో పిల్లలు: ఇంటర్నెట్ కాల్ ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ మొండిచెయ్యి చూపిస్తుంది

[తెర: వాట్సాప్ కాల్ స్క్రీన్ దగ్గరగా. పేరు కింద చిన్న అక్షరాలు.]

వాట్సాప్‌లో కాల్ బటన్ నొక్కగానే పేరు కింద ఒక మాట కనిపిస్తుంది. ముందు ‘కాలింగ్’, ఆ తర్వాత ‘రింగింగ్’. చాలామంది ఈ మాటను పట్టించుకోరు. ‘కాలింగ్’ దగ్గరే ఆగిపోయిందంటే మీ కాల్ అవతలి ఫోనుకు ఇంకా చేరనే లేదు. అక్కడ నెట్ లేదు, లేదా ఫోను ఆఫ్‌లో ఉంది, లేదా ఫోనే ఆ యాప్‌ను నిద్రపుచ్చింది. ‘రింగింగ్’ అని వచ్చిందంటే అక్కడ మోగుతోంది, ఎత్తడం లేదంతే. అమ్మ ఫోను ఎత్తడం లేదని అమెరికాలో కంగారుపడే ముందు చూడాల్సింది ఆ ఒక్క మాట.

ఇంటర్నెట్ కాల్ మీద రోజూ ఆధారపడే కుటుంబాలకు తెలియాల్సింది ఇలాంటి సంగతులే. లాభం దగ్గర మొదలుపెడదాం.

[తెర: డేటా లెక్క]

మొదటి లాభం డబ్బు. మాటలకు ఎంత డేటా పడుతుందో లెక్క వేసి చూడండి. ఈ యాప్‌లు గొంతును కుదించడానికి ఎక్కువగా వాడేది ఓపస్ అనే పద్ధతి. సెకనుకు 24 కిలోబిట్లు ఇస్తే మాట స్పష్టంగా వినిపిస్తుంది. గొంతును చిన్న చిన్న ముక్కలుగా పంపుతారు, ప్రతి ముక్క మీదా చిరునామా రాయాలి కదా, దానికి మరో 16. మొత్తం 40 కిలోబిట్లు. అంటే నిమిషానికి ఒకవైపు 300 కిలోబైట్లు, రెండువైపులా కలిపి 600. గంటసేపు మాట్లాడినా 36 ఎంబీ. వీడియో సంగతి వేరు. సెకనుకు 500 కిలోబిట్ల వీడియో అనుకుంటే రెండువైపులా గంటకు 450 ఎంబీ పోతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాకేజీ ఉన్న పెద్దాయన మూడు గంటలు వీడియోలో మాట్లాడితే ఆ రోజు కోటా దాదాపు ఖాళీ. కోటా అయిపోయాక చాలా ప్యాకేజీల్లో వేగం 64 కిలోబిట్లకు పడిపోతుంది. వీడియో ఇక నడవదు. ఆడియో మాత్రం ఎలాగోలా వెళ్తుంది. కాబట్టి సాయంత్రం బొమ్మ ఆగిపోయిందంటే కెమెరా ఆపండి, మాట కొనసాగుతుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’లోకి వెళ్లి ‘యూజ్ లెస్ డేటా ఫర్ కాల్స్’ ఆన్ చేస్తే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

రెండో లాభం చూపు. మనవడి మొహం చూడటమే కాదు, కాలికి వాపు ఎంత ఉందో, నడిచేటప్పుడు నాన్న గోడ పట్టుకుంటున్నారో లేదో కనిపిస్తుంది. చెవుడున్న పెద్దలు పెదవుల కదలిక చూసి సగం మాట పట్టుకుంటారు. సైగల భాషలో మాట్లాడుకునేవాళ్లకు అసలు ఫోను అంటే వీడియో కాలే. ఒక్క జాగ్రత్త: మందుల చీటీని వీడియోలో చదవడానికి ప్రయత్నించకండి. కాల్ నడిచేటప్పుడు బొమ్మను బాగా కుదించేస్తారు, మందు పేరులో ఒక అక్షరం తప్పు చదివినా ప్రమాదమే. చీటీని వెలుతురులో పెట్టి ఫొటో తీసి పంపమనండి, ఫొటోను పెద్దది చేసుకుని చదవండి.

[తెర: గొంతు చిన్న చిన్న ముక్కలై దారిలో వెళ్తున్న బొమ్మ]

ఇప్పుడు అసలు తలనొప్పి. గొంతు ఎందుకు తెగుతుంది?

మీ మాటను యాప్ సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది. సెకనుకు 50 ముక్కలు. ఒక్కొక్కటీ విడిగా ప్రయాణిస్తుంది. ఏదైనా దారిలో పోతే దాన్ని మళ్లీ పంపమని అడిగే తీరిక లేదు, అది వచ్చేసరికి మాట దాటిపోతుంది. అందుకే ఆ ఖాళీని యాప్ పక్క ముక్కలతో అతికేస్తుంది. ఒకటీ అరా పోతే మనకు తెలియదు. వరసగా పోతే గొంతు రోబోలా మారుతుంది. ముక్కలు పోకపోయినా ఒకటి ముందు, ఒకటి వెనక వస్తే యాప్ కాసేపు ఆపి వరసలో పెట్టి వినిపిస్తుంది, ఆలస్యం అక్కడే పెరుగుతుంది.

దూరం వల్ల వచ్చే ఆలస్యాన్ని మాత్రం ఎవరూ తప్పించలేరు. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి డాలస్ సుమారు 14 వేల కిలోమీటర్లు, కేబుల్ వెళ్లే దారి ఇంకా పొడుగు. ఎంత మంచి నెట్ ఉన్నా ఒకవైపుకే 70 మిల్లీసెకన్లు దాటుతుంది, మిగతా పనులన్నీ కలిసి ఆ అంకె ఇంకా పెరుగుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణకు ఇబ్బంది ఉండదనీ, 400 దాటితే పనికిరాదనీ అంతర్జాతీయ టెలికాం ప్రమాణం చెబుతుంది. మధ్యలో ఉన్నప్పుడే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం. వాక్యం అయ్యాక ఒక్క క్షణం ఆగితే చాలు. ‘నా మాట వినిపించుకోవట్లేదు’ అని పెద్దవాళ్లు నొచ్చుకునేది చాలాసార్లు ఈ ఆలస్యం వల్లే. దుబాయ్ మనకు దగ్గర కాబట్టి అక్కడి కాల్‌లో ఇది అంతగా తెలియదు.

తప్పు ఎవరి వైపు ఉందో తెలుసుకోవడం తేలిక. మీకు వాళ్లు బాగానే వినిపిస్తూ, వాళ్లకు మీరు తెగిపోతుంటే అనుమానించాల్సింది ముందు మీ అప్‌లోడ్‌ను, అంటే మీ ఫోను నుంచి బయటకు వెళ్లే దారిని. వాళ్లే మీకు తెగిపోతుంటే వాళ్ల అప్‌లోడ్, లేదా మీ డౌన్‌లోడ్. రెండో నెట్ మీదకు మారి చూస్తే, అంటే వైఫై నుంచి మొబైల్ డేటాకు మారితే, తేలిపోతుంది. మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తోందా? ఆ ప్రతిధ్వని అవతలి ఫోనులో పుడుతోంది. వాళ్ల స్పీకర్ శబ్దాన్ని వాళ్ల మైకే పట్టుకుంటోంది. వాళ్లు శబ్దం తగ్గించాలి, లేదా ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి. మీరు మీ ఫోను ఎంత మార్చినా లాభం లేదు.

[తెర: ఇంటి నక్షా, మూల గదిలో రూటర్]

ఇంట్లో వైఫై ఉండి కూడా కాల్ పాడయ్యే కారణాల్లో ఎక్కువమందికి తట్టనిది ఒకటుంది: ఫొటోల బ్యాకప్. పెళ్లి నుంచి వచ్చి ఫోను వైఫైకి తగలగానే వందల ఫొటోలు, వీడియోలు పైకి ఎక్కడం మొదలవుతుంది. అప్‌లోడ్ దారి మొత్తం అదే ఆక్రమిస్తుంది, మీ గొంతు ముక్కలు దాని వెనక వరసలో నిలబడతాయి. మాట్లాడేంతసేపు బ్యాకప్ ఆపండి. ఫోనులోని వైఫై జాబితాలో మీ రూటర్ 5 గిగాహెర్ట్జ్ పేరు విడిగా కనిపిస్తే, రూటర్ ఉన్న గదిలోనే ఉన్నప్పుడు దాన్ని వాడండి. రెండు గోడలు అడ్డుంటే 2.4 గిగాహెర్ట్జ్ మేలు, అది ఎక్కువ దూరం చేరుతుంది.

కరెంటు పోతే రూటర్ ఆగిపోతుంది, కాల్ కూడా. ఇంటికి ఇన్వర్టర్ లేకపోతే రూటర్‌కు విడిగా దొరికే చిన్న యూపీఎస్ పెట్టవచ్చు. కొనే ముందు రూటర్ అడాప్టర్ మీద రాసింది చదవండి. చాలావాటికి 12 వోల్టులు ఉంటుంది. యూపీఎస్ వోల్టేజీ సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకన్నా తక్కువ ఉండకూడదు.

[తెర: ఫోను సెట్టింగ్స్, బ్యాటరీ]

‘నేను చేసినప్పుడల్లా మోగదు, వాళ్లు వాట్సాప్ తెరవగానే మిస్డ్ కాల్స్ అన్నీ ఒక్కసారి వచ్చిపడతాయి.’ ఈ ఫిర్యాదు చాలా ఇళ్లలో వింటాం. బ్యాటరీ మిగల్చాలని ఆండ్రాయిడ్ ఫోన్లు వాడని యాప్‌లను ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో వాట్సాప్, అందులో బ్యాటరీ తెరిచి ‘అన్‌రెస్ట్రిక్టెడ్’ పెట్టండి. ‘ఆటోస్టార్ట్’ అనేది కొన్ని కంపెనీల ఫోన్లలో విడిగా ఉంటుంది, అదీ ఆన్ చేయాలి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఇది మీ చేత్తో చేసి రండి, ఫోనులో చెప్పి చేయించడం కష్టం.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండి మొబైల్ సిగ్నల్ లేని ఊళ్లలో ‘వైఫై కాలింగ్’ ఆన్ చేయడం మరచిపోకండి. ఇది యాప్ కాల్ కాదు. మామూలు నంబరుకు వచ్చే మామూలు కాలే, టవరుకు బదులు ఇంటి వైఫై మీదుగా వస్తుంది.

[తెర: గల్ఫ్ మ్యాప్]

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కోనసీమ, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఈ భాగం శ్రద్ధగా వినండి. యూఏఈలో వాట్సాప్ సందేశాలు, ఫొటోలు వెళ్తాయి, కాల్ మాత్రం వెళ్లదు. ఫేస్‌టైమ్ కూడా అంతే. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ అనుమతించిన యాప్‌లే వాడాలి. బోటిమ్, జూమ్, గూగుల్ మీట్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ అందులో ఉన్నాయి. వీపీఎన్ (ఫోను ఇంటర్నెట్ అడ్రసును మార్చి చూపించే యాప్) పెట్టుకుంటే వాట్సాప్ కాల్ కూడా వెళ్తుందని తోటివాళ్లు చెబుతారు. ఆ మాట నమ్మకండి. నేరం చేయడానికి గానీ దాన్ని దాచడానికి గానీ అలా అడ్రసు మార్చితే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా, లేదా ఈ రెండిటిలో ఒకటి అని 2021 నాటి అక్కడి సైబర్ చట్టం చెబుతోంది. ఇంటి మీద బెంగతో చేసిన కాల్‌కు అంత ముప్పు కొనితెచ్చుకోవద్దు. ప్రయాణానికి ముందే మీ ఫోనులోనూ, ఇంట్లోవాళ్ల ఫోనులోనూ ఆ యాప్ వేసి ఒకసారి మాట్లాడి చూడండి. ఓటీపీ మన నంబరుకు వస్తుంది కాబట్టి ఇక్కడున్నప్పుడే ఆ పని సులువు. గల్ఫ్ దేశాలన్నిటికీ ఒకే నియమం లేదు, మీరు వెళ్లే చోట ఉన్న ఊరివాళ్లను అడిగి తెలుసుకోండి.

[తెర: తెలియని నంబరు నుంచి వీడియో కాల్]

చూపు వల్ల వచ్చే లాభాన్నే మోసగాళ్లు కూడా వాడుకుంటున్నారు. ఖాకీ చొక్కా, వెనక పోలీస్ స్టేషన్ బొమ్మ, ‘మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, కెమెరా ఆపొద్దు, ఎవరికీ చెప్పొద్దు’. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేది లేనే లేదు. కాల్ కట్ చేయమని పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. కట్ చేస్తే తప్పు అవుతుందేమో అన్న భయమే వాళ్లను గంటల తరబడి కూర్చోబెడుతుంది. స్క్రీన్ షేర్ చేయమని అడిగినవాడికి మీ ఓటీపీ కూడా కనిపిస్తుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, కాల్స్, ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ ఆన్ చేస్తే తెలియని నంబర్లు మోగవు, జాబితాలో మాత్రం కనిపిస్తాయి. అయితే అంతకు ముందు పిల్లల, మనవల విదేశీ నంబర్లన్నీ కాంటాక్ట్స్‌లో దాచాలి. లేకపోతే వాళ్ల కాల్ కూడా మోగకపోవచ్చు. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

[తెర: మామూలు డయల్ ప్యాడ్]

ఇంటర్నెట్ కాల్ అసలు పనికిరాని చోటు ఆపద. వాట్సాప్ నుంచి 112కు గానీ 108కు గానీ కాల్ వెళ్లదు. అమెరికాలో ఉన్న కొడుకు అక్కడి ఫోనులో 108 నొక్కితే మన అంబులెన్స్‌కు తగలదు. కాబట్టి పక్కింటివాళ్ల నంబరు, దగ్గరి ఆసుపత్రి ల్యాండ్‌లైన్ నంబరు మీ ఫోనులో ఉండాలి. ల్యాండ్‌లైన్‌కు ఎస్టీడీ కోడ్‌లో మొదటి సున్నా తీసేసి ముందు +91 పెట్టాలి. హైదరాబాద్ అయితే +91 40, ఆ తర్వాత ఎనిమిది అంకెలు.

ఇంట్లోవాళ్ల నెట్ ఆగినా వాళ్ల మామూలు నంబరుకు ఫోన్ చేసే దారి మీకు ఒకటుండాలి. చాలామంది దీనికి స్కైప్‌లో డబ్బులు వేసుకునేవారు, అది 2025 మే 5న మూతపడింది. అమెరికాలో ఉన్నవాళ్లకు గూగుల్ వాయిస్ ఉంది. ఇలా వచ్చిన కాల్ ఎత్తడానికి ఊళ్లోవాళ్లకు డేటా అక్కర్లేదు, సిగ్నల్ ఉంటే చాలు. అయితే ఆ నంబరు బతికి ఉండాలి. ‘అంతా వాట్సాప్‌లోనే మాట్లాడతాం కదా’ అని రీచార్జ్ మానేస్తే, వాడకం లేకుండా 90 రోజులు గడిచాక కంపెనీ నంబరును ఆపేయవచ్చు, తర్వాత మరొకరికి ఇవ్వవచ్చు. వాట్సాప్ ఖాతా, బ్యాంకు ఓటీపీలు అన్నీ ఆ నంబరు మీదే ఉన్నాయి.

పెద్దవాళ్ల నుంచి మీకు వచ్చే దారి కూడా చూడాలి. ‘అన్‌లిమిటెడ్’ అని రాసి ఉన్న ప్యాకేజీల్లో విదేశీ కాల్స్ సాధారణంగా కలవవు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఐఎస్‌డీ ఆన్‌లో ఉందా, నిమిషానికి ఎంత, అందుకు బ్యాలెన్స్ ఉందా అని అడగండి. మీ నంబరు +1 తో గానీ +971 తో గానీ మొదలయ్యేలా వాళ్ల ఫోనులో సేవ్ చేయండి. తర్వాత వాళ్ల మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపి, వాట్సాప్ ముట్టుకోకుండా, మామూలు డయల్ ప్యాడ్ నుంచి వాళ్ల చేతే మీకు ఒక కాల్ చేయించండి. మీ దగ్గర మోగితే పని అయినట్టే.