గేబ్ జోన్స్‌ని తెల్లవాణ్ణి చేసిందెవరు?

[తెర మీద: 1963 నాటి యుద్ధం కామిక్ పేజీ. కెమెరా ఒక సైనికుడి ముఖం దగ్గరికి వెళ్తుంది.]

ఈ సైనికుడి పేరు గేబ్ జోన్స్. పటాలంలో బాకా ఊదేది ఇతనే. కథ రాసిన స్టాన్ లీ, బొమ్మ గీసిన జాక్ కర్బీ ఇద్దరూ ఇతన్ని నల్లజాతి అమెరికన్‌గానే అనుకున్నారు. తీరా 1963లో 'సార్జెంట్ ఫ్యూరీ' మొదటి సంచిక అచ్చయి వచ్చేసరికి, పక్కనున్న తెల్లవాళ్ల ఒంటి రంగే ఇతనికీ పడింది.

రచయిత మనసు మార్చుకోలేదు, బొమ్మనీ ఎవరూ దిద్దలేదు. మరి మనిషి ఎలా మారిపోయాడు?

నమస్కారం, చెన్నై నుంచి మాట్లాడుతున్నాను. ట్రిప్లికేన్‌లో పైక్రాఫ్ట్స్ రోడ్డు, అదే ఇప్పటి భారతి సాలై, అక్కడ పాత పుస్తకాల కొట్లలో కొన్న ఒక అమెరికన్ కామిక్ నా దగ్గరుంది. గేబ్ ఉన్నది కాదు లెండి, దాని ధరకి మనం తూగలేం. కానీ అచ్చు పద్ధతి అదే. ఇందులో ఒక బుగ్గని భూతద్దంలోంచి చూద్దాం.

[తెర మీద: భూతద్దం కింద ముఖం, బాగా దగ్గరగా.]

దూరం నుంచి గులాబీ రంగులా కనిపించింది కదా? ఇప్పుడు గులాబీ ఎక్కడా లేదు. విడివిడిగా ఎర్ర చుక్కలు, వాటి సందుల్లో పసుపు చుక్కలు, మిగతాదంతా కాగితం. ఇదిగో, చెవి దగ్గర చూడండి, ఎర్ర చుక్కలు గీత దాటి జుట్టులోకి వెళ్లిపోయాయి. మన ప్రెస్సుల్లో దీన్ని రిజిస్టర్ తప్పింది అంటారు.

అప్పట్లో ఆర్టిస్టు గీసేది నల్ల ఇంకు గీతలు మాత్రమే. తర్వాత కలరిస్టు ఆ పేజీకి చిన్న కాపీ తీసి, దాని మీద రంగులు పూసి, ఏ భాగానికి ఏ రంగో కోడ్ రాసి పంపేవాడు. దీన్నే గైడ్ అంటారు. పసుపు, ఎరుపు, నీలం, ఒక్కొక్కటి నాలుగు రకాలుగా పడచ్చు: అసలు లేకుండా, 25 శాతం, 50 శాతం, పూర్తిగా. నాలుగు నాలుగుల పదహారు, పదహారు నాలుగుల 64. కామిక్ ప్రపంచం మొత్తం ఆ 64 రంగుల్లోనే బతికింది.

అందులో తెల్లవాడి ఒంటికి కోడ్ ఎప్పుడూ సిద్ధంగా ఉండేది: పసుపు 25 శాతం, ఎరుపు 25 శాతం. రెండే ఇంకులు, లేత చుక్కలు, శుభ్రంగా పడతాయి. గోధుమ రంగు కావాలంటే మూడు ఇంకులూ ఒకదాని మీద ఒకటి పడాలి. చవక న్యూస్‌ప్రింట్ మీద ఇంకు పీల్చుకుని చుక్కలు ఉబ్బుతాయి. అప్పుడు మంచి గోధుమ రంగు కాస్తా బురదలాగో బూడిదలాగో తేలుతుంది. అరవైల నాటి కామిక్స్‌లో నల్లజాతి మనుషులు జబ్బు చేసినట్టు బూడిద రంగులో కనిపించడానికి సగం కారణం ఇదే. మిగతా సగం, ఇంకో మంచి కోడ్ వెతుకుదామని ఎవరికీ పెద్దగా అనిపించకపోవడం.

బూడిద రంగు సంగతి హల్క్‌ని అడగండి. 1962లో మొదటి సంచికలో హల్క్ ఆకుపచ్చగా ఉండడు, బూడిద రంగులో ఉంటాడు. ఒక్కో ఫ్రేములో ఒక్కో ఛాయ వస్తుంటే విసుగెత్తి, రెండో సంచికకల్లా పచ్చగా మార్చేశారు. హల్క్‌ది ఏ జాతి అని ఎవరూ అడగరు కాబట్టి సరిపోయింది.

సరే, గేబ్ దగ్గరికి వద్దాం. కలరిస్టు గైడ్ నేరుగా ప్రెస్సుకి పోదు. అమెరికాలో చాలా కామిక్స్‌కి కనెటికట్ రాష్ట్రంలో బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్లో రంగులు విడదీసేవారు. ఒక్కో పేజీకి తొమ్మిది దాకా పారదర్శక షీట్లు పరిచి, ఏ ఇంకు ఎంత శాతం పడాలో బ్రష్షుతో నింపేవారు. ఎక్కువగా ఆడవాళ్లే చేసిన పని. వాళ్లకి కథతో సంబంధం లేదు. గైడ్ చూడడం, నింపడం, తర్వాతి పేజీ అందుకోవడం.

మా పెదనాన్న రాయపేటలో ఒక ప్రెస్సులో చాలా కాలం నెగటివ్‌లు దిద్దారు. ఆయనకి ఈ కథంతా చెప్తే నవ్వారు. "ఒరేయ్, గైడ్‌లో ఉన్నది మన అలవాటుకి తేడాగా కనిపిస్తే ఏమనుకుంటాం? పంపినవాడు పొరపాటు పడ్డాడనుకుంటాం. సరిదిద్ది సాయం చేశామనుకుంటాం."

స్టాన్ లీ తర్వాత చెప్పింది కూడా సరిగ్గా ఇదే. గైడ్‌లో రంగు పొరపాటున పడిందనుకుని అక్కడివాళ్లు తెల్లవాడి రంగు వేసేశారట. ఇతను నల్లజాతివాడే అని వివరంగా ఉత్తరం రాసి పంపాల్సి వచ్చిందట. పాపం, వాళ్ల వైపు నుంచి ఒక మాట చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం నల్లవాళ్లని, తెల్లవాళ్లని వేర్వేరు దళాల్లో ఉంచింది. ఆ విభజన వద్దని ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948లో. అందరూ కలిసిన దళం లీ, కర్బీల ఊహ. షీట్లు నింపేవాళ్ల ఊహ అంత దూరం పోలేదు.

అంటే, పాత పేజీలో ఒక ముఖం రంగు చూసి రచయిత ఉద్దేశం ఇదీ అని చెప్పేయలేం. రచయిత తర్వాత ఆ పేజీ ఎవరెవరి చేతుల్లో పడిందో చూడాలి. ఎక్కడ చెయ్యి జారింది, ఎక్కడ కావాలని చేశారు అన్నది విడదీయాలి. అచ్చులో రెండూ ఒకేలా ఉంటాయి.

కావాలని చేసినవి బోలెడు. చైనీయుల పాత్రలకి నిమ్మపండు పసుపు, ఆదివాసీ అమెరికన్లకి ఇటుక ఎరుపు. 'బ్లాక్‌హాక్' కామిక్‌లో 1941లో వచ్చిన చాప్-చాప్ అనే వంటవాణ్ణి చూస్తే ఇప్పుడు కడుపులో తిప్పుతుంది. తోటి వీరులంతా మనుషుల్లా ఉంటే, ఇతనొక్కడు ఎత్తు పళ్లు, పసుపు ముఖంతో బొమ్మలాట బొమ్మలా ఉంటాడు. మిగతావాళ్ల పక్కన మామూలు మనిషిలా నిలబడడానికి దశాబ్దాలు పట్టింది. ఇక్కడ తప్పు ఇంకుది కాదు, ఆ గీతలోనే ఉంది.

మన దగ్గర కూడా అచ్చు రంగు అలవాటైపోతుంది. నల్లనయ్య అని పాడుకునే కృష్ణుడు శివకాశి క్యాలెండర్లలో లేత నీలంగా ఉంటే ఎవరం ఆశ్చర్యపోం. కాకపోతే ఆ నీలం ఎవరినీ వెక్కిరించదు.

[తెర మీద: వ్యోమగామి హెల్మెట్ బొమ్మ, ముఖం కనిపించదు.]

ఇప్పుడు అసలు రంగే కనపడకుండా దాచిన కథలు. 1953లో ఈసీ కామిక్స్ వాళ్లు 'జడ్జ్‌మెంట్ డే' అని ఒక చిన్న కథ వేశారు, బొమ్మలు జో ఆర్లాండోవి. భూమి నుంచి ఒక తనిఖీ అధికారి రోబోల గ్రహానికి వెళ్తాడు. అక్కడ నారింజ రోబోలు నీలం రోబోలని వెనక సీట్లకి తోసేస్తుంటాయి. గెలాక్సీ రిపబ్లిక్‌లో చేరడానికి మీకింకా అర్హత రాలేదని చెప్పి తిరుగు ప్రయాణం కడతాడు. కథంతా హెల్మెట్ తీయడు. చివరి ఫ్రేములో తీస్తాడు. నల్లజాతి మనిషి, ముఖం మీద చెమట చుక్కలు మెరుస్తుంటాయి.

1956లో దీన్ని మళ్లీ వేయబోతే, అప్పటికి వచ్చిన కామిక్స్ కోడ్ (కామిక్స్‌లో ఏం ఉండచ్చో చెప్పే నియమావళి) అధికారి అడ్డు చెప్పాడు. అతను నల్లవాడు కాకూడదట. ప్రచురణకర్త బిల్ గెయిన్స్ గొడవకి దిగితే, పోనీ ఆ చెమటైనా తీసేయమన్నారు! గెయిన్స్ ఒక్క చుక్క కూడా తీయకుండా వేశాడు. ఈసీ నుంచి వచ్చిన చివరి కామిక్ సంచిక అదే.

పదేళ్ల తర్వాత, అట్ట మీద 1966 జులై అని తేదీ ఉన్న రెండు సంచికలు చూడండి. రెండింట్లోనూ కొత్త ముసుగు వీరుడు.

మొదటిది 'ఫెంటాస్టిక్ ఫోర్' 52వ సంచిక, బ్లాక్ పాంథర్ తొలిసారి వచ్చింది ఇందులోనే. కర్బీ తొలి ఆలోచనలో ఇతని పేరు కోల్ టైగర్, ముఖం మీద ముసుగే లేదు. ఆ తర్వాత అట్ట కోసం గీసిన ఒక బొమ్మలో ముసుగు సగమే ఉంటుంది, ముక్కు కింద నుంచి నల్లని ముఖం కనిపిస్తుంది. ఆ బొమ్మ అచ్చు కాలేదు. అచ్చయిన అట్ట మీద తల మొత్తం కప్పేశారు. కొట్లో పుస్తకం తిరగేసేవాడికి లోపలున్నది నల్లజాతి రాజు అని తెలిసే వీల్లేదు. అయితే కథలో ముసుగు తీస్తాడు, ఆ ఘనత వాళ్లకి ఇవ్వాల్సిందే.

రెండోది డీసీ వాళ్ల 'అడ్వెంచర్ కామిక్స్' 346. అందులో ఫెర్రో లాడ్ అనే ఇనుప కుర్రాడు, ముఖానికి లోహపు ముసుగు. రాసిన జిమ్ షూటర్‌కి అప్పటికి 14 ఏళ్లు. ముసుగు కింద నల్లజాతి కుర్రాడు ఉండాలని, ఒక రోజు ముసుగు తీయించాలని అతని ప్లాన్. ఎడిటర్ మార్ట్ వైసింగర్ కుదరదన్నాడు, దక్షిణాది రాష్ట్రాల్లో పుస్తకాలు పంచేవాళ్లు తీసుకోరని. ఇక్కడ కలరిస్టు దాకా కూడా పోలేదు. ప్రెస్సులో చెయ్యి జారితే ఉత్తరం రాసి సరిచేయించుకోవచ్చు, ఎడిటర్ గదిలో ఆగిపోయినదానికి ఎవరికని రాస్తాం?

ముసుగు తీయనివ్వకపోతే ఆ పాత్ర నాకెందుకు అనుకున్నట్టుంది షూటర్‌కి. ఆ కారణంతోనే చంపేశానని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. 1967 ఫిబ్రవరి సంచికలో, సూర్యుళ్లని మింగే జీవాన్ని ఆపడానికి వెళ్లి ఫెర్రో లాడ్ చనిపోయాడు. ఏడే ఏడు నెలలు బతికాడు.