ఇంటి గుమ్మం దాటాక నెట్ వేగం ఏమవుతోంది?

సభకు నమస్కారం.

నెట్ నెమ్మదించిందని అనిపించగానే మనలో చాలామంది చేసే మొదటి పని పెద్ద ప్లానుకు మారడం. నెలనెలా కట్టే డబ్బు పెరుగుతుంది గానీ, వెనక పడకగదిలో పిల్లల ఆన్‌లైన్ పాఠం మునుపటిలాగే ఆగి ఆగి నడుస్తుంది. ఫైబర్ వచ్చిన ఇళ్లలో చాలావాటికి కొన్న వేగం గుమ్మం దాకా సరిగానే వస్తోంది. అది తరిగేది ఇంటి లోపలే. కాబట్టి ప్లాను మార్చే ముందు ఇంటిని పరిశీలించుకోమని మిమ్మల్ని కోరడానికే ఈ ప్రసంగం.

ముందు కొలత సంగతి. ప్లానులో చెప్పే వేగం మెగాబిట్లలో ఉంటుంది. ఫైలు దిగుతున్నప్పుడు తెర మీద కనిపించేది చాలాసార్లు మెగాబైట్లలో ఉంటుంది. 8 బిట్లు కలిస్తే ఒక బైటు కనుక, 100 ఎంబీపీఎస్ (అంటే సెకనుకు 100 మెగాబిట్ల) కనెక్షన్ మీద సెకనుకు 12 మెగాబైట్ల దాకా వస్తుంటే లోపమేమీ లేదు. సందేహం తీరాలంటే మిగతా పరికరాలన్నిటినీ కాసేపు ఆపి, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటరుకు కలిపి వేగం చూడండి. అక్కడ పూర్తిగా వచ్చి గదిలో రాకపోతే లోపం మన వైఫైది.

ఈ పరీక్షలో ఒక అంకెను ప్రత్యేకంగా గమనించాలి. 200, 300 ఎంబీపీఎస్ ప్లాను తీసుకున్నా ఫలితం ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగిపోతుంటే, దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్‌కు మించని భాగం ఒకటి ఉందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. చవక రౌటర్లలో ల్యాన్ పోర్టులే (కేబుల్ గుచ్చే రంధ్రాలే) అంతవరకు పనిచేస్తాయి. పోర్టు గిగాబిట్‌ది, అంటే 1000 ఎంబీపీఎస్‌ది, అయితే కేబుల్ చివర ఉన్న ప్లగ్గును వెలుతురులో పట్టుకుని చూడండి. పారదర్శకమైన ఆ ప్లాస్టిక్‌లో 8 రంగుల తీగలు వరుసగా కనిపిస్తాయి. 100 ఎంబీపీఎస్‌కు వాటిలో నాలుగు చాలు; గిగాబిట్‌కు మాత్రం ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింటిలో ఒక్కటి లోపలిదాకా వెళ్లకపోయినా కనెక్షన్ తెగదు, ఎర్రలైటు వెలగదు, వేగం మాత్రం 100కు పడిపోతుంది. బయటికి ఏ సూచనా లేదు కాబట్టే ఈ లోపం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోతుంది. ప్లగ్గు మళ్లీ బిగించడమో, మంచి రాగి తీగల క్యాట్-5ఈ లేదా క్యాట్-6 కేబుల్ వేయడమో చేస్తే సరిపోతుంది. అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుల్ చవకే గానీ, వంచినచోట తొందరగా తెగుతుంది. దాన్ని కొనకండి.

ఇక వైఫై. దీని స్వభావం అర్థమైతే సగం చిక్కులు విడిపోతాయి. ఒక చానెల్ (వైఫై వాడే రేడియో తరంగాల దారి) మీద ఉన్న పరికరాలన్నీ ఈ సభలోని మనలాంటివే. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు ఆగాలి. రౌటరుకు దూరంగా ఉన్న పాత ఫోను 6 ఎంబీపీఎస్ వద్ద పంపే సమాచారాన్నే దగ్గరున్న ల్యాప్‌టాప్ 300 ఎంబీపీఎస్ వద్ద పంపితే, లెక్క ప్రకారం ఫోను 50 రెట్ల సమయం తీసుకుంటుంది. ఆ సమయమంతా ఇంట్లో అందరి ఖాతాలోంచీ పోతుంది. అందుకే నేను గట్టిగా చెప్పే సలహా ఒక్కటే: కదలని వస్తువులకు వైరు వేయండి. టీవీ, డెస్క్‌టాప్, ప్రింటర్, కెమెరాల రికార్డర్, వీటికి వైఫై అవసరం లేదు. చాలా టీవీల ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయినా సినిమా చూడడానికి అది ధారాళంగా సరిపోతుంది. పైగా గాలిలో ఆ మేరకు చోటు ఫోన్లకు మిగులుతుంది.

రౌటరును ఎక్కడ పెట్టాలో సాధారణంగా మనం నిర్ణయించం, ఫైబర్ వేసిన కుర్రాడు నిర్ణయిస్తాడు. వీధి గుమ్మం పక్కన, టీవీ వెనకాల, కొన్ని ఇళ్లలో ఇనుప బీరువా మీద. లోహం తరంగాలను తిప్పికొడుతుంది, ఇనుప చువ్వలున్న స్లాబు వాటిని బాగా బలహీనపరుస్తుంది. ఇంటి నడుమ, మనిషి ఎత్తులో, నాలుగు వైపులా తెరపిగా ఉన్నచోటికి రౌటరును మార్చండి. ఆ మార్చడంలో సన్నని ఫైబర్ తీగను మడత పడేలా వంచకండి, వెలుగు అక్కడే కారిపోతుంది.

ఇళ్లలోని వైఫై ముఖ్యంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో పట్టీల్లో నడుస్తుంది. వీటిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. అందులో ఒకదానితో ఒకటి తగలకుండా ఇమిడేవి 1, 6, 11 చానెళ్లే. అపార్ట్‌మెంటులో ఇరవై ఇళ్ల రౌటర్లు వాటికోసమే పోటీపడతాయి, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే అడ్డు తగులుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లోనైతే 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. గోడలు దాటడంలో అది బలహీనమే గానీ, రౌటరున్న గదిలోనూ పక్క గదిలోనూ దాన్నే వాడండి. దూరపు గదికి రిపీటర్ కొంటే, అది విన్న ప్రతి మాటనూ అదే చానెల్ మీద మళ్లీ చెప్పాలి కనుక వేగం ఇంచుమించు సగమవుతుంది. దాని బదులు ఆ గదిదాకా కేబుల్ లాగి రెండో వైఫై పెట్టెను బిగించడం మేలు.

వేగ పరీక్షలో అంకె బాగానే ఉన్నా వీడియో కాల్ మాత్రం తడబడే ఇళ్లున్నాయి. ఎవరి ఫోనో ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తుంటే, రౌటర్ ఆ సమాచారాన్నంతా పొడవాటి వరుసలో నిలబెడుతుంది. కాల్ తాలూకు చిన్న ప్యాకెట్లు (సమాచారపు ముక్కలు) దాని చివర చిక్కుకుంటాయి. జిమ్ గెటీస్ అనే ఇంజనీరు ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో క్యాథలీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ వరుసను పొడుగు కానివ్వని కోడెల్ అనే పద్ధతితో దీనికి మందు చూపారు. మీ రౌటర్‌లో ఇలాంటి వరుసలను అదుపులో ఉంచే ఎస్‌క్యూఎం అనే సదుపాయం ఉంటే దాన్ని ఆన్ చేసి, పరిమితిని కొలిచిన వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి. ఆ పది శాతం వదులుకోవడానికి వెనకాడకండి, ఇంట్లో నలుగురూ ఒకేసారి హాయిగా మాట్లాడుకోగలుగుతారు.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారికి ఇంకొక్క మాట. గోడలకు గాడి కొట్టేటప్పుడే ఎలక్ట్రీషియన్‌తో చెప్పి, ఫైబర్ వచ్చే చోటునుంచి ప్రతి గదికీ నెట్ కోసం వేరే పైపు వేయించండి. కరెంటు తీగలున్న పైపులో నెట్ కేబుల్‌ను దూర్చనివ్వకండి. ప్లాస్టరింగు కాకముందే ప్రతి పైపులోనూ లాగుడు తీగ (తర్వాత కేబుల్‌ను లాగడానికి వదిలే తీగ) ఉందో లేదో మీరే స్వయంగా చూసుకోండి.