బీరువా తాళం ఎక్కడుంది?

(డాలస్ శివారు ఫ్రిస్కోలో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పిల్లల్ని డాన్సు క్లాసుల దగ్గరా కోచింగుల దగ్గరా దింపి ఇక్కడికి వచ్చారు. సంతోషం.

నేను పదకొండేళ్ళుగా వారాంతాల్లో పిల్లలకి తెలుగు చెప్తున్నాను. పోయినేడు చలికాలంలో జరిగిన సంగతి ఒకటి ముందు చెప్పాలి. ఆ రోజు త గుణింతం రాయిస్తున్నాను. ఎనిమిది మంది పిల్లలు, అందరూ ఆరేడేళ్ళ వాళ్ళే. పక్క గదిలో ఎవరో మడత కుర్చీలు సర్దుతుంటే దొంతర మొత్తం ధడేలున కింద పడింది. నేను ఉలిక్కిపడి తలుపు వైపు చూశాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి బల్లల దగ్గర ఒక్క పిల్ల లేదు. ఎవరో లైటు ఆర్పేశారు. తలుపు అద్దంలోంచి కనపడని మూల చూసుకుని, గోడకి ఆనుకుని ఒదిగి కూర్చున్నారు. ఏడుపు లేదు, మాట లేదు. ఒక పాప బూట్లకి అడుగేస్తే మెరిసే లైట్లున్నాయి. అవి ఇంకా మెరుస్తున్నాయి. పక్కనున్న బాబు రెండు చేతులతో ఆ బూట్లని కప్పి పట్టుకున్నాడు.

"ఏం లేదురా, కుర్చీలు పడ్డాయి" అని నేను చెప్పినా వాడు వెంటనే చేతులు తీయలేదు.

ఆ రాత్రి ఖమ్మంలో ఉన్న మా అమ్మకి ఫోన్లో చెప్పాను. "బళ్ళో అది కూడా నేర్పుతారా?" అంది. నేర్పుతారమ్మా, ఎవరైనా తుపాకీతో బడిలోకి వస్తే ఇలా దాక్కోవాలని ఎక్కాలు నేర్పినట్టే నేర్పుతారు అన్నాను. తర్వాత చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మనలో చాలామంది ఇక్కడికి వచ్చేనాటికే కొలంబైన్ హైస్కూల్ కాల్పులు అయిపోయాయి. 1999 ఏప్రిల్ 20, కొలరాడోలో. ఆ రోజు తుపాకులు పట్టుకొచ్చింది ఆ బడిలో చదివే ఇద్దరు కుర్రాళ్ళే. 2007లో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో కాల్పుల్లో 32 మంది పోయారు. వాళ్ళలో తమిళనాడు నుంచి వచ్చి అక్కడ పాఠాలు చెబుతున్న ప్రొఫెసర్ లోగనాథన్ గారు ఒకరు. 2012 డిసెంబరు 14న కనెటికట్‌లోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దవాళ్ళు చనిపోయారు. ఆ 20 మందీ ఆరేడేళ్ళ వాళ్ళు. నా క్లాసులో త గుణింతం దిద్దే వయసు.

అది జరిగాక ఇక ఈ దేశం మారుతుంది అనుకున్నాం. నేనూ అనుకున్నాను. నాలుగు నెలలకి సెనేట్‌లో ఓటింగు జరిగింది. ఆ ప్రతిపాదన అడిగింది పెద్ద మార్పేమీ కాదు. తుపాకుల సంతల్లోనూ ఇంటర్నెట్లోనూ కొనేవాళ్ళకి కూడా పాత నేరాల తనిఖీ జరగాలి, అంతే. 54 మంది సరే అన్నారు. కావలసింది 60. ఇంట్లో మనం "మెజారిటీ వచ్చింది కదా, మరి ఎందుకు ఓడింది?" అని పిల్లలకి అర్థమయ్యేలా చెప్పలేకపోయాం.

ఈ వాదనలో అటువైపు వాళ్ళ, అంటే తుపాకీ మా హక్కు అనేవాళ్ళ మాట కూడా సరిగ్గా వినాలి. వాళ్ళంతా మన పిల్లలు పోతే పోయారులే అనుకునేవాళ్ళు కారు. 1791లో రాజ్యాంగానికి చేర్చిన, ఆయుధాల హక్కు గురించి చెప్పే రెండో సవరణ మొత్తం 27 మాటలు. అది ప్రజాసైన్యం గురించా, ప్రతి మనిషి గురించా అని రెండు వందల ఏళ్ళు తగువు నడిచింది. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు అయి, ఆత్మరక్షణ కోసం ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కు అని తేల్చింది. పోలీసు రావడానికి ముప్పావుగంట పట్టే పొలాల్లో ఒంటరిగా ఉండే మనిషికి ఆ హక్కు మాటల్లో ఉండేది కాదు, మంచం పక్కన ఉండేది. మా పక్కింటాయన మూడు తరాల వేటగాడు. నాకు తెలిసిన నిదానస్తుల్లో ఒకడు. వాళ్ళని శత్రువుల్లా చూస్తూ మొదలుపెట్టే ఏ వాదనా టెక్సస్‌లో నిలవదు.

అయినా నా అభిప్రాయం దాచుకోను. మన రాష్ట్రంలోనే ఉవాల్డే ఉంది. 2022 మే 24న అక్కడి ప్రాథమిక పాఠశాలలో కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. కాల్చిన కుర్రాడు పద్దెనిమిదో పుట్టినరోజు దాటిన కొద్ది రోజుల్లోనే దుకాణంలో చట్టప్రకారం రైఫిళ్ళు కొన్నాడు. మంచివాడి చేతిలో తుపాకీ ఉంటే చెడ్డవాడిని ఆపుతాడని ఇక్కడ తరచూ వింటాం. ఆ రోజు అక్కడికి 376 మంది తుపాకులున్న అధికారులు వచ్చారు. లోపలికి వెళ్ళి అతణ్ణి అడ్డుకోవడానికి 77 నిమిషాలు పట్టింది. లోపల పిల్లలు ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

మరుసటి సంవత్సరం మే 6న, ఇక్కడికి అరగంట దూరంలో అలెన్ మాల్‌లో ఎనిమిది మంది పోయారు. వాళ్ళలో హైదరాబాద్ నుంచి వచ్చిన మన ఇంజనీరు అమ్మాయి ఉంది. ఆ శనివారం మనలో ఎంతమంది అక్కడికి షాపింగుకి వెళ్ళాలనుకుని ఆగిపోయామో గుర్తుందా? రెండు రోజులకి మన రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో శాసనసభ కమిటీ ఒకటి, అలాంటి రైఫిళ్ళు కొనే వయసు 21కి పెంచే బిల్లుని ముందుకి పంపింది. ఉవాల్డే తల్లిదండ్రులు నెలల తరబడి ఆ భవనం మెట్లెక్కి దిగి సాధించింది అంతవరకే. తర్వాత గడువు దాటిపోయింది. బిల్లు సభ ముందుకే రాలేదు. ఫ్లోరిడాలో పార్క్‌లాండ్ బడిలో 17 మంది చనిపోయిన నెలలోపే, 2018 మార్చిలో, రిపబ్లికన్ గవర్నరే అదే వయసు నిబంధన మీద సంతకం చేశారు. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు అని నా ప్రతినిధికి ఉత్తరం రాశాను. మీరూ రాయండి. ఓటున్నవాళ్ళు ప్రైమరీల్లో, అంటే పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నికల్లో కూడా ఓటెయ్యండి. ఈ రాష్ట్రంలో సగం నిర్ణయాలు అక్కడే తేలిపోతాయి.

ఇక నేను అసలు చెప్పాలని వచ్చిన విషయానికి వస్తాను. ఇది ఆస్టిన్‌లోనో వాషింగ్టన్‌లోనో తేలేది కాదు.

బడుల్లో దాడులు చేసినవాళ్ళ మీద, అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీసు వాళ్ళు ఒక అధ్యయనం చేసి 2019లో ప్రచురించారు. తుపాకీతో వచ్చిన పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మంది దాన్ని తెచ్చుకున్నది తల్లిదండ్రుల ఇంటి నుంచో, దగ్గరి చుట్టాల ఇంటి నుంచో. శాండీ హుక్‌లో వాడిన తుపాకులు కాల్చినవాడి తల్లి కొన్నవి. ముందు ఆమెనే చంపి బయల్దేరాడు. 2021లో మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో పదిహేనేళ్ళ అబ్బాయి నలుగురిని చంపాడు. వాళ్ళ నాన్న ఆ తుపాకీ కొని నాలుగు రోజులే అయింది. ఆ పొద్దున్నే పిల్లవాడు లెక్కల పేపరు మీద గీసిన బొమ్మలు చూసి స్కూలు వాళ్ళు తల్లిదండ్రుల్ని పిలిపించారు. వాళ్ళు వచ్చి చూసి, పిల్లవాణ్ణి ఇంటికి తీసుకెళ్ళకుండా పనులకి వెళ్ళిపోయారు. 2024లో కోర్టు ఆ ఇద్దరికీ పదేళ్ళకి తక్కువ కాకుండా శిక్ష వేసింది. బిడ్డ బడిలో చేసిన సామూహిక కాల్పులకి తల్లీతండ్రీ జైలుకి వెళ్ళడం ఈ దేశంలో అదే మొదటిసారి.

"మన ఇళ్ళల్లో గన్ ఎక్కడుంది అక్కా" అని మీలో కొందరు అనుకుంటున్నారు. ఉంది. బంగారం కోసం ఇండియన్ల ఇళ్ళ మీద దొంగతనాలు మొదలయ్యాక చాలామంది కొన్నారు. నాకు బాగా దగ్గరి కుటుంబం ఒకటుంది, పేరు చెప్పను. ఆయన హ్యాండ్‌గన్ కొని ఇంటికి తెచ్చాడు. ఎక్కడ పెట్టావు తమ్ముడూ అంటే "బీరువాలో అక్కా, పట్టుచీరల కింద" అన్నాడు. బీరువా తాళం? దేవుడి గదిలో వెంకటేశ్వరస్వామి పటం వెనక. ఆ మాట వినగానే వాళ్ళబ్బాయి, పన్నెండేళ్ళవాడు, సోఫాలోంచి తలెత్తకుండానే "నాకు తెలుసు" అన్నాడు. ఆ ఇంట్లో ఆ తాళం చోటు పనిమనిషికీ తెలుసు, ఊరి నుంచి వచ్చిన అత్తగారికీ తెలుసు. మన ఇళ్ళల్లో దాచడం అంటే అంతే. అందరికీ తెలిసిన చోట దాచడం.

బడుల్లో జరిగేవి టీవీలో కనిపిస్తాయి. కనిపించనివి ఇంకా ఎక్కువ. 2022లో ఈ దేశంలో తుపాకీ వల్ల 48 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో సగం కంటే ఎక్కువ మంది తమని తాము కాల్చుకున్నవాళ్ళు. 2020 నుంచి ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ళ లోపు పిల్లల మరణాలకి మొదటి కారణం రోడ్డు ప్రమాదాలు కావు, తుపాకులు. మార్కులు తగ్గాయని, అనుకున్న కాలేజీలో సీటు రాలేదని గది తలుపు వేసుకునే పిల్లలు మన ఇళ్ళల్లో లేరా? ఆ ఆలోచన చాలామందిలో కొద్ది నిమిషాల్లో వచ్చి పోతుంది. వేరే దారుల్లో ప్రయత్నించినవాళ్ళలో ఎక్కువమంది బతికి బయటపడతారు. తుపాకీతో అయితే పదిమందిలో తొమ్మిది మంది బతకరు. ఆ కొద్ది నిమిషాల్లో చేతికి అందకపోవడమే ప్రాణం నిలబెడుతుంది. తాళం వేసి, తూటాలు వేరే చోట పెడితే చాలు. తాళం కోడ్ మాత్రం పిల్లవాడి పుట్టినరోజు పెట్టకండి.

ఒక ఉవాల్డే తాళంతో ఆగేది కాదు, నిజమే. దానికి చట్టమే కావాలి. కానీ చట్టం వచ్చేదాకా మన బీరువాని ఎవరూ మూయరు.

ఇంకొక పని ఉంది, నాకు చాలా కష్టమైంది. మా అమ్మాయిని మొదటిసారి స్నేహితురాలి ఇంట్లో రాత్రి పడుకోవడానికి పంపేముందు, వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. వేరుశనగలు పడవు, పిల్లిని చూస్తే భయం, ఇవన్నీ చెప్పి, చివర్లో గుండె దడదడలాడుతుంటే అడిగాను: "మీ ఇంట్లో గన్స్ ఉన్నాయా? ఉంటే తాళం వేసి ఉంటాయా?" ఆవిడ ఒక క్షణం ఆగింది. తప్పు చేశానేమో అనుకున్నాను. "రెండున్నాయి. ఇద్దరమే తెరవగలం. అడిగినందుకు థాంక్స్, నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు" అంది. పన్నెండేళ్ళలో పాతికమందిని అడిగి ఉంటాను. ఒక్కరే కోపపడ్డారు. ఆ ఇంటికి మా పిల్ల వెళ్ళలేదు. ఎదురు అడిగినవాళ్ళూ ఉన్నారు. అడగాలి మరి, మన ఇంటి సంగతి కూడా.

బయట టీ బల్ల పక్కన ఒక అట్టపెట్టె పెట్టాం. అందులో తుపాకీకి వేసే కేబుల్ లాకులున్నాయి. పోలీసు స్టేషన్లో అడిగితే ఉచితంగా ఇచ్చారు, నలభై తెచ్చాను. పేర్లు రాసుకోం, ఎవరు తీసుకున్నారో చూడం. వెళ్ళేటప్పుడు కావలసినవాళ్ళు తీసుకెళ్ళండి. అయిపోతే రేపు ఇంకో పెట్టె తెస్తాను.