మల్టిప్లయర్ ఎపిసోడ్ (అనుకున్నాం)

తమ్ముడు: రికార్డవుతోంది కదా? సరే. ఇవాళ ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువలో నడపడం. అందులో మల్టిప్లయర్ గురించి. మూల వేగం, అదే బేస్ క్లాక్, 100 మెగాహెర్ట్జ్; దాన్ని హెచ్చవేసే మల్టిప్లయర్ 50 పెడితే 5 గిగాహెర్ట్జ్. బేస్ క్లాక్ జోలికి పోకండి. మల్టిప్లయర్ ఒక్కో మెట్టు పెంచుతూ...

అక్క: మెమరీ ప్రొఫైల్ ఆపారా ముందు?

తమ్ముడు: నీ మెమరీ గోల వచ్చేసింది! నిమిషం కూడా కాలేదక్కా.

అక్క: రాక ఏం చేస్తుంది? మెమరీ వేగం పెంచే ఆ ప్రొఫైల్, ఎక్స్‌ఎంపీ, ఆన్ చేయడమూ ఓవర్‌క్లాకే. మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్‌లోనే. రెండూ ఒకేసారి పెంచితే, మెషిన్ పడిపోయినప్పుడు దేన్ని అనుమానిస్తావు?

తమ్ముడు: ఒప్పుకున్నా. వోల్టేజీకి వద్దాం. పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.25 నుంచి 1.35 వోల్టులకు వెళ్తే, క్లాక్ కదలకపోయినా దాదాపు 17 శాతం ఎక్కువ. చివరి 100 మెగాహెర్ట్జ్ కోసం అంత వేడి దండగని నా అభిప్రాయం. ఇక స్టెబిలిటీ, అదే మెషిన్ నిలకడ. బొమ్మ గీయించి స్కోరిచ్చే సినీబెంచ్ పది నిమిషాలు నడిపి, పాసైతే...

అక్క: పాసైతే?

తమ్ముడు: స్టేబులే కదా.

అక్క: ఎవరన్నారు? బొమ్మ పూర్తయింది, స్కోరొచ్చింది. మధ్యలో ఒక పిక్సెల్ తప్పు పడితే నీ కంటికి ఆనుతుందా? ప్రైమ్95 అనే పరీక్ష ప్రోగ్రామ్ అయితే తన లెక్క తనే సరిచూసుకుంటుంది. రౌండింగ్ తేడా 0.4 దాటిందంటే ఆ వర్కర్‌ని, అంటే ఆ లెక్క చేస్తున్న భాగాన్ని, అక్కడే ఆపేస్తుంది.

తమ్ముడు: దాన్ని బాగా బరువైన సెట్టింగులతో, చిన్న ఎఫ్‌ఎఫ్‌టీలు, ఏవీఎక్స్ పెట్టి నడిపితే వచ్చే వేడి ఏ గేమ్‌లోనూ రాదు. ఎప్పుడూ చేయని పనికోసం నా క్లాక్ ఎందుకు తగ్గించుకోవాలి?

అక్క: ఆడేది గేమే. అదే మెషిన్‌లో ఫోటోలు సర్దుతావు, బ్యాకప్‌లు జిప్ చేస్తావు. ప్రాసెసర్‌లో ఒక కోర్ ఒక్క బిట్ తప్పు లెక్కేస్తే మెషిన్ పడిపోయి నీలం తెర రావాలనేమీ లేదు. ఫైల్ చక్కగా సేవ్ అవుతుంది. ఎప్పుడో అవసరమై తెరిస్తే తెరుచుకోదు.

తమ్ముడు: మళ్లీ ఆ తెల్ల క్యాబినెట్ మెషిన్ సంగతేనా?

అక్క: దాని మాటెత్తకు.

తమ్ముడు: ...సరే. సరే అక్కా.

అక్క: కోపం కాదురా. పడిపోకపోవడం వేరు, సరైన జవాబివ్వడం వేరు. నేను స్టేబుల్ అనేది రెండోదాన్నే. ఇంకో సంగతి, రాత్రంతా ప్రైమ్95 పాసై, పొద్దున బ్రౌజర్ తెరవగానే రీస్టార్టయ్యే మెషిన్లున్నాయి.

తమ్ముడు: అది నాకూ వింతే. బరువు పని చేసింది, తేలిక పనికి పడిపోయింది.

అక్క: అన్ని కోర్లూ పనిలో ఉంటే క్లాక్ కాస్త కిందే ఉంటుంది. ఒక్క కోరే పని చేస్తే అది తన గరిష్ఠ బూస్ట్ వేగానికి ఎగురుతుంది. రైజెన్ ప్రాసెసర్లలో వోల్టేజీ సర్దే కర్వ్ ఆప్టిమైజర్ మరీ మైనస్‌లో పెట్టావనుకో, అక్కడ వోల్టేజీ చాలదు. అందుకే కోర్‌సైక్లర్ అనే ప్రోగ్రామ్‌తో ఒక్కో కోర్‌నీ విడిగా పరీక్షించాలి. అదీ ఎక్స్‌ఎంపీ ఆపి.

తమ్ముడు: చెప్పావు కదా!

అక్క: మళ్లీ చెబుతా. ఆ తర్వాత విండోస్ చిట్టా, ఈవెంట్ వ్యూయర్ తెరిచి, హార్డ్‌వేర్ తప్పులు రాసే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్‌లో 19వ నంబరు ఉందేమో చూడు.

తమ్ముడు: అది సరిదిద్దుకున్న ఎర్రరే కదా?

అక్క: సరిదిద్దుకుందంటే తప్పు పడిందనేగా. ఇంకో మెట్టు పెంచితే దిద్దుకోలేదు.

తమ్ముడు: ఊఁ. నా దాంట్లో అప్పుడప్పుడూ కనిపిస్తోంది. లోడ్‌లో వోల్టేజీ జారకుండా పట్టే ఎల్‌ఎల్‌సీ ఆరులో ఉంది.

అక్క: ఆరంటే గట్టిదా, మెత్తదా? కొన్ని మదర్‌బోర్డుల్లో ఒకటి గట్టిది, కొన్నింట్లో ఎనిమిది. మరీ గట్టిగా పెడితే లోడ్ దిగిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగురుతుంది. మధ్యలో పెట్టు, కొంచెం డ్రూప్, అదే లోడ్‌లో వోల్టేజీ జారడం, ఉండనీ.

తమ్ముడు: కూలర్ల గురించి అసలు మాట్లాడనే లేదు మనం.

అక్క: వచ్చేసారి. నీ బోర్డు ఏదన్నావు?

తమ్ముడు: మాన్యువల్ తీస్తా, ఉండు. పేజీ దొరకట్లేదు... నువ్వు రికార్డింగ్ ఆపెయ్, నేను వెతుకుతా.