మానిక మీద చేయి

అందరికీ నమస్కారం.

మీ అధ్యాపకులు నాకు ఫోను చేసి, 'మీరు వేసిన మంచి పుస్తక ముఖచిత్రాలు నాలుగు మా పిల్లలకు చూపించండి' అన్నారు. మంచివి పుస్తకాల దుకాణంలో దొరుకుతాయి, తీరికగా వెళ్లి చూడండి. ఇవాళ నేను ఒకే ఒక్క అట్ట గురించి మాట్లాడతాను. అది ఎప్పుడూ అచ్చు కాలేదు.

ఫొటోగ్రఫీ రెండో ఏడాదిలో మాకొక పని ఇచ్చారు. ఒక పాత నవల ఎంచుకుని దానికి ఫొటోతో ముఖచిత్రం తయారు చేయాలి. బొమ్మ గీయకూడదు. గడువు ఆరు వారాలు. నేను 'మాలపల్లి' తీసుకున్నాను. గొప్ప కారణం ఏదీ లేదు. మాది గుంటూరు జిల్లా, ఆ నవల రాసినాయన పుట్టింది ఆ నేల మీదే. ఊరికి వెళ్లి ఫొటోలు తీస్తే బస్సు ఖర్చుతో పోతుంది, భోజనం నాన్నమ్మ పెడుతుంది అనుకున్నాను.

మీలో చదవనివారి కోసం రెండు మాటలు. ఉన్నవ లక్ష్మీనారాయణ దీన్ని జైల్లో ఉండి రాశారు. 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది, తర్వాత సడలించింది, 1936లో మళ్లీ నిషేధించింది. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక గాని పూర్తిగా బయటపడలేదు. మాలపల్లిలో రామదాసు అనే భక్తిపరుడు, ఆయన కొడుకులు వెంకటదాసు, సంగదాసు. కూలివాళ్ల పక్షాన నిలబడిన సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతిలో చనిపోతాడు. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడనే పేరుతో ఉన్నవాళ్లను దోచేవాడవుతాడు. నవలకు 'సంగవిజయం' అని మరో పేరు ఉంది. చనిపోయినవాడి పేరు మీద విజయం అన్నమాట. ముఖచిత్రం వేసేవాళ్లు ఈ రెండో పేరు దగ్గర ఒక పూట ఆగాలి. నేను ఆగలేదు. సంచి సర్దుకుని బస్సెక్కాను.

అప్పటికి మా చేతికి డిజిటల్ కెమెరాలు రాలేదు. ముప్ఫయి ఆరు ఫ్రేముల నలుపు తెలుపు రోళ్లు మూడు కొనుక్కున్నాను. మనసులో బొమ్మలు ముందే సిద్ధంగా ఉన్నాయి: బీటలు వారిన నేల, తాటాకు కప్పు, ముడతలు పడ్డ ముఖం. ఇవి నా ఆలోచనలని అప్పుడు నమ్మాను. పేదరికం మీద వచ్చే ప్రతి క్యాలెండరులోనూ ప్రతి పోస్టరులోనూ ఉన్నవి ఇవే కదా అని తర్వాత తెలిసింది. ముందుగా తట్టిన ఆలోచన సాధారణంగా మనది కాదు, ఎక్కడో చూసి మరిచిపోయినది.

మా ఊరి మాలపల్లెలో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. అడిగితే కాదనలేదు. పదకొండు ఫ్రేములు తీశాను, పక్క నుంచి పడే వెలుతురులో ముఖం అద్భుతంగా ఉంది. అప్పుడు ఆయన అడిగారు.

"ఏ పుస్తకానికమ్మా?"

పేరు చెప్పాను. కాసేపు ఊరుకున్నారు.

"మాలపల్లి అని పైన రాసి కింద నా ముఖం వేస్తే, అది రేపు నా మనవడు చదివే బడికి వస్తే, వాణ్ణి ఏమని పిలుస్తారో మీకు తెలుసా అమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ పదకొండు ఫ్రేములు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, ఎక్కడా వేయలేదు. మళ్లీ వెళ్లినప్పుడు ఒక ప్రింటు మాత్రం ఆయనకిచ్చాను.

గీసిన బొమ్మకూ ఫొటోకూ తేడా ఆ అరుగు దగ్గర నాకు అర్థమైంది. బాపు నాలుగు గీతల్లో ఒక ముసలాయనను వేస్తే అతను ఏ ఊరివాడైనా కావచ్చు. చదివేవాడు ఆ గీతల్లో తనకు తెలిసిన మనిషిని నింపుకుంటాడు. ఫొటోలో ఉన్నది మాత్రం ఫలానా మనిషే. అతనికి ఇల్లుంది, మనవడున్నాడు. పైన నవల పేరు పడగానే ఆ పేరు అతనికి అతుక్కుంటుంది. పాఠకుడికీ నష్టమే. రామదాసు ఎలా ఉంటాడో ఊహించుకునే హక్కును అట్ట మీదే లాగేసుకున్నట్టవుతుంది.

కాఫ్కా ఈ సంగతి 1915లోనే కనిపెట్టాడు. మనిషి పురుగుగా మారిన తన కథకు అట్ట బొమ్మ వేయిస్తున్నారని విని ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. ఆ పురుగును గీయవద్దు, దూరం నుంచి కూడా చూపవద్దు అని వేడుకున్నాడు. చివరికి అట్ట మీద ముఖం చేతుల్లో దాచుకున్న మనిషి, అతని వెనుక ఓరగా తెరిచిన తలుపు, దాని వెనుక చీకటి వచ్చాయి. పురుగు లేదు. వందేళ్లు దాటినా ఆ తలుపు భయపెడుతుంది.

సరే, ముఖాలు వద్దనుకున్నాను. తర్వాతి రెండు వారాలు తెలివి ప్రదర్శనలో పోయాయి. నిషేధం మీద ఒకటి చేశాను: పుస్తకం పేజీ మీద నల్ల సిరా పోసి తీసిన ఫొటో. చూడడానికి బాగుంది, కాని అది నిషేధానికి గురైన ఏ పుస్తకానికైనా సరిపోతుంది. జైలు ఊచల నీడ కాగితం మీద పడేటట్టు మరొకటి తీశాను. అది చూసి నాకే ఆవలింత వచ్చింది.

కూలి అన్న మాట దగ్గర ఆగాక దారి దొరికింది. ఆ రోజుల్లో కూలి చాలావరకు గింజల్లోనే ముట్టేది. గింజలంటే కొలత. మానిక అంటే గింజలు కొలిచే పాత్ర, నాలుగు మానికలు ఒక కుంచం. మా అటక మీద పాత ఇనుప మానిక ఉంటే దింపించి, నిండా బియ్యం పోసి, సరిగ్గా పైనుంచి తీశాను. గుండ్రటి అంచు, తెల్లటి గింజలు, చుట్టూ నలుపు. ఎంతో మురిసిపోయి తరగతిలో పెట్టాను. మా మాస్టారు కళ్లజోడు సవరించుకుని, "వంటల పుస్తకమా అమ్మా?" అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను. హాస్టలుకు వెళ్లాక మాత్రం అన్నం తినలేదు.

ఆ వారాంతం ఊరికి వెళ్లి నాన్నమ్మతో చెప్పుకున్నాను. ఆవిడ ఆ ఫొటో చూసి మొదట అన్న మాట, "కూలికి బియ్యం ఎవరు కొలిచారే, వడ్లు గాని" అని. నవల మూడుసార్లు చదివి, అట్ట మీద తప్పుడు గింజ పోశానన్నమాట. తర్వాత మానికను చేతిలోకి తీసుకుని మామూలుగా చెప్పింది: "మీ తాత కూలికి కొలిచేటప్పుడు పైన చేత్తో అంచుకు సమంగా తోసేసేవాడు. అప్పుగా నాముకిచ్చిన వడ్లు తిరిగి పుచ్చుకునేటప్పుడు మాత్రం గోపురంలా పోయించుకునేవాడు. మానిక ఒకటే."

ఆవిడ దాన్ని నేరంగానూ చెప్పలేదు, గొప్పగానూ చెప్పలేదు. పప్పులో ఉప్పు ఎంత వేయాలో చెప్పినట్టు చెప్పింది. నేను అప్పటివరకు కెమెరా పట్టుకుని పల్లె వైపు చూస్తున్నాను. తియ్యవలసింది మా ఇంటి అటక మీద ఉంది.

ఆ రాత్రి నోటు పుస్తకంలో రెండు చతురస్రాలు గీసి మధ్యలో సన్నటి నిలువు పట్టీ గీశాను. ముందు అట్ట మీద, తోసేస్తున్న చేయి. వెనుక అట్ట మీద అదే మానిక, అదే కోణం, చేయి లేదు, గింజల గోపురం. మధ్యలో పుస్తకం వెన్ను. ఇక్కడ ఒక మాట. మన దుకాణాల్లో పుస్తకాలను వెన్ను కనిపించేటట్టే నిలబెడతారు. అరంగుళం వెన్నే చాలామందికి కనిపించే ముఖచిత్రం. ముందు అట్ట మీద నెల రోజులు తపస్సు చేసి వెన్నును ప్రెస్సువాళ్లకు వదిలేసే పిల్లలను ఏటా చూస్తున్నాను.

తాత లేరు. చేయి నాన్నది. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. కొట్టు గదిలో పడమటి కిటికీ ఒక్కటే వెలుతురు, ఎదుటి వైపు నీడ మరీ నల్లబడకుండా తెల్ల అట్టముక్క. స్టాండు మీద కెమెరా. పైనుంచి తీస్తే చేయి గింజలను నిమురుతున్నట్టు, ప్రేమగా ఉంది. కెమెరాను అంచు ఎత్తుకు దించగానే అదే చేయి కత్తిలా మారింది. షట్టరు వేగం సెకనులో 250లో ఒక వంతు పెడితే గింజలు గాలిలో ముత్యాల్లా నిలబడిపోయాయి, నగల దుకాణం ప్రకటనలాగా. 15లో ఒక వంతుకు తగ్గించాను. చేయి చెదిరింది, గింజలు గీతలయ్యాయి, ఇనుప అంచు మాత్రం కదలకుండా నిలిచింది. అరవై సార్లకు పైగా తోయించాను. నాన్నకు అరచేయి అంచు ఎర్రబడింది. చివరికి, "మీ తాతకు ఇంత కష్టం ఉండేది కాదమ్మా" అన్నారు. అంటే ఆయనకు తెలుసు.

అక్షరాల సంగతి త్వరగా చెప్పేస్తాను. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, రెండు వైపులా చోటు కావాలి. 'ల్లి' తీసుకోండి. ఒత్తు కిందికి దిగి గింజల మీద పడుతుంది. ఫొటో తీసేటప్పుడే పైన మూడో వంతు ఖాళీగా ఉంచాలి, తర్వాత కత్తిరించి సర్దుదామంటే కుదరదు. పేరు నేనే చేత్తో రాశాను, ఒత్తులు అంత బాగా రాలేదు.

మార్కులు మధ్యస్థంగా వచ్చాయి. వెనుక అట్ట అర్థం కావడం లేదని ఒక పరీక్షకుడు రాశారు. ఆయన మాటలో కొంత నిజం ఉంది. ముందూ వెనుకా పక్కపక్కన పెట్టి చూస్తే గాని తేడా తెలియదు, దుకాణంలో పుస్తకాన్ని అలా విప్పి ఎవరు చూస్తారు?

నమూనా అట్టను పుస్తకానికి తొడిగి, ప్రింటు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ పెద్దాయనకు చూపించాను. ఈసారి కూర్చునే చూశారు. ముందు అట్ట చూశారు. వెనక్కి తిప్పారు. మళ్లీ ముందుకు తిప్పారు. పరీక్షకుడికి పట్టిన సమయంలో పదో వంతు కూడా పట్టలేదు.

"ఈ చేయి ఎవరిదమ్మా?"

"మా నాన్నది."

"పోలిక ఉంది" అన్నారు.

ఇక లైట్లు వేయించండి. మీ కాంటాక్ట్ షీట్లు, అంటే ఫ్రేములన్నీ చిన్నగా అచ్చు వేసిన కాగితాలు, ఈ బల్ల మీద పరవండి. మీకు బాగా నచ్చిన ఫ్రేము కాకుండా, పక్కన పడేసినవి ముందు చూద్దాం.