గుట్టల నడుమ ఒకే ఊరు, మూడు రాత్రులు

శ్రోతలందరికీ నమస్కారం.

దసరా సెలవులు దగ్గర పడగానే హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో చాలా ఇళ్లలో ఒక జాబితా తయారవుతుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకే కారు బయలుదేరాలి. బాసరలో దర్శనం చేసుకొని, నిర్మల్ ఘాట్ ఎక్కి, పొచ్చెర, కుంతల జలపాతాలు చూడాలి. రాత్రికి ఎక్కడో ఒక లాడ్జిలో నడుం వాల్చి, మరునాడు జోడేఘాట్, కడెం ప్రాజెక్టు చుట్టి, అర్ధరాత్రికి ఇల్లు చేరాలి. అంత దూరం వెళ్తున్నప్పుడు ఒక్కటీ వదలకూడదన్న పెద్దల ఆరాటం వెనుక ప్రేమే ఉంది. అందరి సెలవులు ఒకేసారి కలవడం కష్టం, అద్దె కారుకయ్యే ఖర్చూ తక్కువేమీ కాదు. అయినా లెక్క చూస్తే ఆ రెండు రోజుల్లో కుటుంబం ఎక్కువసేపు గడిపేది కారు సీట్లలోనే. జలపాతం దగ్గర అరగంట, అందులో సగం ఫోటోలకు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ కారులోనే ఉండిపోతుంది. పిల్లలు ఇంటికి వచ్చాక ఏ ఊరు ముందు వచ్చిందో, ఏది తరువాత వచ్చిందో చెప్పలేరు.

ఈ రోజు నేను మీ ముందు పెట్టదలచిన సూచన ఒక్కటే. కుటుంబంతో గుట్టలకు వెళ్లినప్పుడు ఒకే ఊరిని ఎంచుకొని, వీలైతే మూడు రాత్రులు అక్కడే ఉండండి. మిగిలిన స్థలాలను మరో ఏటికి వదలండి.

ఉదాహరణకు కుమురం భీం ఆసిఫాబాద్, ఆదిలాబాద్ జిల్లాల గుట్టలనే తీసుకుందాం. కాజీపేట నుంచి బల్లార్షా మార్గంలో వెళ్లే రైళ్లలో కొన్ని ఆసిఫాబాద్ రోడ్డు స్టేషనులో ఆగుతాయి. రామగుండం దాటాక గోదావరి మీది వంతెన, ఆ తరువాత మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గుగనుల ప్రాంతం, అది దాటితే క్రమంగా అడవి. ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ ఎక్కి, జైనూర్ మీదుగా ఉట్నూరు వరకు రోడ్డు ఉంది. ఉట్నూరులో గది తీసుకుంటే చుట్టుపక్కల చూడదగినవన్నీ రోజుకొకటి చొప్పున తీరికగా చూడవచ్చు. చూడకుండా మిగిలినా నష్టం లేదు.

ఘాట్ రోడ్డు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా కుటుంబాల ప్రయాణం చెడిపోయేది అక్కడే. మన చెవి లోపలి భాగంలో శరీరపు కదలికను, సమతుల్యతను పసిగట్టే చిన్న అవయవం ఉంటుంది. బండి మూలమలుపు తిరిగినప్పుడు ఆ కదలికను అది మెదడుకు తెలుపుతుంది. అదే సమయంలో పిల్లవాడు సెల్‌ఫోను చూస్తూ ఉంటే, అతని కళ్లు మాత్రం ఏదీ కదలడం లేదని చెబుతాయి. ఈ రెండూ పొసగకపోవడం వల్ల కడుపులో తిప్పి వాంతులవుతాయి. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఈ ఇబ్బంది ఎక్కువ. ఘాట్ మొదలు కాకముందే ఫోన్లు పక్కన పెట్టించి, కిటికీ అద్దం దించి, దూరంగా కనిపించే గుట్ట అంచును చూడమని చెప్పాలి. కడుపు నిండా తినిపించి ఎక్కించకూడదు, పూర్తిగా ఖాళీ కడుపుతోనూ ఎక్కించకూడదు. రెండు సకినాలో, గుప్పెడు అటుకులో చాలు. అన్నిటికంటే మేలైన మందు వేగం తగ్గించడం, రోడ్డు వెడల్పుగా ఉన్న చోట బండిని పక్కకు ఆపి అందరినీ దిగి నడవనివ్వడం. సాయంత్రానికి మరో మూడు స్థలాలు చూడవలసిన కుటుంబానికి అలా ఆగే వీలుండదు.

గుట్టల్లో చూడదగినవి చాలావరకు రోజువారీ పర్యాటకులు అక్కడ లేని వేళల్లోనే జరుగుతాయి. రాత్రి నేల వేడిని కోల్పోగానే దాన్ని ఆనుకొన్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట కిందికి జారి లోయలో చేరుతుంది. ఆ గాలిలోని తేమ తెల్లవారేసరికి పొగమంచుగా మారి చెట్ల నడుమ నిలుస్తుంది. ఎండ పడి నేల వెచ్చబడగానే అది విడిపోతుంది. దాన్ని చూడాలంటే ముందు రాత్రి అక్కడే నిద్రపోయి ఉండాలి. చలికాలంలో మన రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు తరచుగా నమోదయ్యేది ఈ ఉమ్మడి ఆదిలాబాద్ ప్రాంతంలోనే కాబట్టి, సంక్రాంతి సెలవులకు వెళ్లేవారు స్వెట్టర్లు, రగ్గులు మరచిపోకూడదు.

ఒకే చోట ఉండడం వల్ల ఎక్కువ మేలు జరిగేది ఇంటి ముసలివాళ్లకు, పసివాళ్లకు. వీళ్లిద్దరి నడకా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. రెండూ నెమ్మదే, రెండూ ప్రతి పది అడుగులకూ ఆగేవే. ఉదయం ఊరి చివరి దారిలో ఒక కిలోమీటరు నడవడానికి గంట పట్టినా పట్టనివ్వండి. దసరా నాటికి ఆ దారుల వెంట తంగేడు, గునుగు పూసి ఉంటాయి. పల్లెలో పెరిగి, ఇప్పుడు హనుమకొండ అపార్టుమెంటులో మనవల చదువుల కోసం కాలం గడుపుతున్న నాయనమ్మకు ఆ పూలూ, పక్క చేనులోని కందీ, జొన్నా, పత్తీ బాగా తెలిసినవే. ఏ ఆకు దేనికి పనికొస్తుందో, ఏ గడ్డిని పశువులు తినవో ఆమె చెప్పడం మొదలుపెడితే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకొని వింటారు. ఆమెను కారులో కూర్చోబెట్టి మనం జలపాతానికి పరుగెత్తినప్పుడు పోగొట్టుకొనేది ఆ మాటలనే. లేత టేకు ఆకును అరచేతిలో నలిపితే గోరింటాకు పెట్టుకొన్నట్టు చెయ్యి ఎర్రబడుతుంది. పిల్లల చేత ఒక్కసారి చేయించి చూడండి, మిగతా నడక అంతా వాళ్లే ముందుంటారు. వేసవి మొదట్లో వెళితే తెల్లవారుజామున ఇప్పపూలు నేల రాలుతుంటాయి. అవి అక్కడివారికి ఆహారమూ జీవనాధారమూ కూడా కాబట్టి వాటిని తొక్కకూడదు, అడగకుండా ఏరకూడదు.

ఆ గుట్టలు గోండు, కోలాం ఆదివాసుల నివాసాలు. నిజాం ప్రభుత్వపు అటవీ అధికారులను ఎదిరించిన కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలర్పించాడు. ఆ తిరుగుబాటు తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులను అధ్యయనం చేసే పనిని మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ జైనూర్ దగ్గరి మార్లవాయి గ్రామంలో గోండుల మధ్యనే ఇల్లు కట్టుకొని నివసించారు, వారి భాష నేర్చుకున్నారు. 1987లో మరణించిన ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. ఎక్కడో ఐరోపా నుంచి వచ్చిన ఇద్దరు ఆ ఊరివాళ్లయిపోవడం అక్కడ ఉండిపోవడం వల్లనే సాధ్యమైంది. మూడు రాత్రులు ఉన్న మనకు అంతటి అనుబంధం దొరకదు, కానీ టీ కొట్టు దగ్గర రెండో రోజు కూడా కనిపించిన మనిషితో ఊరివాళ్లు మాట కలుపుతారు. మొదటి రోజు వచ్చి ఫోటో తీసుకొని వెళ్లిపోయేవాడితో ఎవరికీ మాట్లాడాలని ఉండదు. జోడేఘాట్‌లోని మ్యూజియానికి సగం రోజైనా కేటాయించండి. దీపావళికి ముందు రోజుల్లో వెళ్లగలిగిన వారికి దండారి అనే గోండుల నృత్య వేడుక కనిపిస్తుంది. ఒక ఊరి బృందం మరో ఊరికి అతిథులుగా వెళ్లడం, నెమలి ఈకల కిరీటాలతో గుస్సాడీలనే నర్తకులు ఆడడం ఆ వేడుకలో భాగం. అది వారి పూజ. అనుమతి అడిగాకే ఫోటో తీయాలి, వద్దంటే తీయకూడదు.

దూరపు కొండలకు వెళ్లేవారికీ ఈ మాట వర్తిస్తుంది. ఊటీకి వెళ్లేవారు మేట్టుపాళయం నుంచి నీలగిరి రైలు ఎక్కితే, 46 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. పట్టాల నడుమ ఉన్న పళ్ల కమ్మీని పట్టుకొని ఆ రైలు వాలు ఎక్కుతుంది. యునెస్కో 2005లో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కారులో అంతకంటే త్వరగా చేరవచ్చు, కానీ పిల్లలతో వెళ్లేవారికి ఆ ఐదు గంటలే యాత్ర. ఇక సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ వంటి చోట నెమ్మది అనేది ఆరోగ్యానికే అవసరం. అక్కడ ప్రతి శ్వాసకూ అందే ఆక్సిజన్ తగ్గుతుంది. విమానం దిగిన మొదటి రెండు రోజులు విశ్రాంతిగా ఉండమనే వైద్యులు చెబుతారు. తలనొప్పి, వాంతులు ఎక్కువవుతుంటే ఇంకా పైకి వెళ్లకూడదు; తగ్గకపోతే కిందికి దిగి దవాఖానకు వెళ్లాలి.

తిరిగి మన గుట్టల సంగతికి వస్తే, నేరడిగొండ మండలంలో కడెం నది మీద ఉన్న కుంతల జలపాతం సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. కింది మడుగు లోతూ, రాళ్ల జారుడూ పైకి తెలియవు కాబట్టి ఎంత మంచి ఈతగాడైనా దానిలోకి దిగకూడదు. మెట్లు చాలా ఉన్నాయి. ముసలివాళ్లను దింపాలనుకుంటే ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోవద్దు, మధ్యమధ్య కూర్చుంటూ దిగనివ్వండి, ఎక్కేటప్పుడు రెట్టింపు సమయం ఇవ్వండి. సద్ది కట్టుకొని వెళితే తిరిగి వచ్చే తొందర ఉండదు. తిన్న తరువాత విస్తర్లు, ప్లాస్టిక్ సీసాలు సంచిలో వేసుకొని వెనక్కు తెచ్చుకోవాలి.

బయలుదేరే ముందు రక్తపోటు, చక్కెర వ్యాధి మందులు రెండు రోజులకు అదనంగా పెట్టుకోండి. కొన్ని చోట్ల ఫోను సిగ్నల్ సరిగా అందదు కాబట్టి ఎక్కడ ఉంటారో ఇంట్లో ముందే చెప్పండి. బడి తెరిచే రోజుకు ఒక రోజు ముందే ఇల్లు చేరేలా తిరుగు ప్రయాణం పెట్టుకోండి. కారులో వెళ్లినవారు ఆ రోజు చీకటి పడకముందే ఘాట్ దాటేలా బయలుదేరి, దిగేటప్పుడు బండిని తక్కువ గేరులో ఉంచి, ఎదురుగా ఎక్కే బండికి దారి ఇవ్వండి.

సెలవు, నమస్కారం.