ఆ సుద్దముక్క జేబులోనే ఉంచండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇంతకుముందే చదివారు కాబట్టి నేను మళ్లీ చదవను. ప్రపంచ వారసత్వ దినం సందర్భంగా ఆల్ప్స్ లోయలోని ఆదిమ చెక్కుడు బొమ్మల గురించి మాట్లాడమని మన గ్రంథాలయం వాళ్లు అడిగారు. అదే మాట్లాడతాను. నా మనసులో చాలా కాలంగా ఒక బాధ ఉంది. అది కూడా ఇక్కడే చెప్పుకుంటాను.

ఇటలీ ఉత్తర భాగాన, లొంబార్దీ ప్రాంతంలో, ఒల్యో నది పారే లోయ పేరు వాల్ కామోనికా. మంచు యుగంలో అక్కడ హిమానీనదం జారుతూ జారుతూ ఇసుకరాతి బండలను గీకి నున్నగా చేసి వదిలింది. మంచు కరిగి వెనక్కి పోయాక మనుషులు వచ్చారు. వేట జంతువులను చెక్కారు. తర్వాతి తరాలు బాకులు, నాగళ్లు, ఇళ్లు, కత్తులు దూసిన వీరులను చెక్కాయి. రాతితోనో లోహంతోనో బండ మీద చుక్కచుక్కగా పొడుస్తూ పోయారు. సుమారు 8,000 ఏళ్లలో 1,40,000కు పైగా బొమ్మలు, గుర్తులు అక్కడ చేరాయని యునెస్కో లెక్క. ఎక్కువ భాగం ఇనుప యుగానివి. ఆ లోయవాసులను కామునులు అనేవారు. క్రీ.పూ. 16లో రోమన్లు వాళ్లను జయించారు.

1979లో ఇటలీకి దక్కిన మొట్టమొదటి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఈ బండలదే. రోమ్‌ది కాదు, వెనిస్‌ది కాదు! దయచేసి ఈ మాట ఇంటికెళ్లి పిల్లలకు చెప్పండి. ఒక దేశం తన వారసత్వంలో ముందుగా పశువుల కాపర్ల, రైతుల గీతలను ప్రపంచం ముందు పెట్టింది.

మా అమ్మాయి ఉద్యోగం మిలాన్‌లో. ఆమె దగ్గరికి వెళ్లినప్పుడు కాపో ది పోంతే అనే ఊళ్లో ఉన్న నాక్వానే పార్కు చూశాను. 1955లో పెట్టిన పార్కు అది. బొమ్మలున్న బండలు నూటికి పైగా ఉన్నాయి. అక్కడి పెద్ద బండ మీద మగ్గాలు చెక్కి ఉన్నాయి. ఈ సభలో నేతగాళ్ల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కదా? మీరు చూస్తే వెంటనే గుర్తుపడతారు. మన గుంట మగ్గం లాంటిది కాదు, నిలువు మగ్గం. పైన అడ్డకర్ర, దాని నుంచి వేలాడే పడుగు, పడుగు బిగువుగా ఉండటానికి కింద బరువులు. రాజు బొమ్మ ముందు నేను అంతసేపు నిలబడేవాణ్ణి కాదేమో. ఆ మగ్గం ముందు మాత్రం మా అమ్మాయి పిలుస్తున్నా కదల్లేదు.

ఇంకో సంగతి. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఆ బండ మీద ఏమీ కనిపించదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డాక గుంటల్లో నీడ నిలుస్తుంది. అప్పుడు ఒక్కొక్క బొమ్మే పైకి వస్తుంది. అందుకే అక్కడి పరిశోధకులు పక్కనుంచి వెలుతురు పడేలా చూసుకుని, బండ మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, ఒక్కొక్క పొడుపునూ పెన్నుతో ఎత్తి రాస్తారు. గంటలకొద్దీ మోకాళ్ల మీద కూర్చునే పని అది. ఒకప్పుడు అక్కడ కూడా బొమ్మలు బాగా కనిపించాలని బండకు తెలుపూ నలుపూ రంగులు పూసి ఫొటోలు తీసేవారు. తర్వాత ఆ పద్ధతి మానేశారు. పెద్ద పండితులే మానుకున్నారండీ, మనం మానలేమా?

ఇప్పుడు నా బాధ చెబుతాను. బళ్లారి పక్కన కుప్పగల్లు గుట్ట మీద మూపురం ఎద్దుల బొమ్మలున్నాయి. పొడుగు కొమ్ములతో, నల్లటి డోలరైట్ రాళ్ల మీద ఉన్నాయి. వాటి గురించి ఫాసెట్ అనే ఆంగ్లేయుడు 1892లోనే రాశాడు. కొత్తరాతియుగం నాటి పశువుల కాపర్లు మొదలుపెట్టిన చెక్కుళ్లు అవి. అక్కడ కొడితే గంటలా మోగే రాళ్లు కూడా ఉన్నాయి. అలాంటి గుట్టకు కంకర క్వారీల నుంచి ఎంత ముప్పు వచ్చిందో పత్రికల్లో చదివే ఉంటారు. దాని మీద పోరాడేవాళ్లు పోరాడుతున్నారు. నా కళ్ల ముందు జరిగింది వేరే.

ఒక విహారయాత్ర బృందం వచ్చింది. ఎవరని చెప్పను, చదువుకున్నవాళ్లే. ఫొటోలో బాగా పడాలని ఒకాయన జేబులోంచి సుద్దముక్క తీసి ఎద్దు గీతలన్నీ నింపాడు. కొమ్ము ఎక్కడ ఆగిందో తెలియక తనకు తోచినట్టు పొడిగించాడు. ఇంకొకాయన పక్క రాయి మీద చిన్న రాయితో తన పేరు చెక్కడం మొదలుపెట్టాడు. వద్దండీ అంటే, “వాళ్లు చెక్కలేదా, మేం చెక్కితే తప్పేంటి?” అన్నారు. గొంతు పెగల్లేదు నాకు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆయనకు అప్పుడు ఇవ్వలేకపోయిన జవాబు ఇప్పుడు ఇస్తున్నాను. వేల ఏళ్ల కిందట చెక్కిన గుంటలో ఎండా వానా పట్టి రంగు మారుతుంది, రాయి పైపొర లాగే పాతబడుతుంది. ఏది ముందు చెక్కారు, ఏది దాని మీద పడింది అని తెలుసుకోవడానికి ఆ రంగు తేడా, ఆ పొడుపుల తీరు ముఖ్యమైన ఆధారాలు. బండ మీద తేదీ రాసి ఉండదు కదా! సుద్ద రుద్దితే ఆ గుంటే అరిగిపోతుంది. కొమ్ము పొడిగిస్తే రేపు చూసేవాడు దాన్నే నిజమనుకుంటాడు. నీళ్లు చల్లకండి, బొగ్గు రాయకండి, పసుపు కుంకుమలు పూయకండి. భక్తితో పూసినా సరే, వద్దు.

ఆ ఇటలీ లోయలోనే ఉన్న బెదోలినా బండ, దాని మీద పొలాల పటంలా కనిపించే చెక్కుడు గురించి కూడా చెప్పాలనుకున్నాను, ఇక వదిలేస్తున్నాను. టైమైపోయిందని అధ్యక్షులవారు చూస్తున్నారు. ఒక్క పని మాత్రం అడుగుతాను. మీ ఊరి గుట్టల మీద పరుపుబండలుంటే పొద్దున్నే ఎండ పక్కనుంచి పడే వేళ వెళ్లి చూడండి. గీతలు కనిపిస్తే పక్కన ఒక స్కేలు పెట్టి, ముట్టుకోకుండా ఫొటో తీసి, బండ ఎక్కడుందో రాసి పురావస్తు శాఖకు పంపండి. వచ్చే ఆదివారం కుప్పగల్లుకు నాతో వచ్చేవాళ్లు ఉంటే తలుపు దగ్గరున్న కాగితంలో పేరు రాయండి. తొలి రైలుకే బయల్దేరతాం. మంచినీళ్లు, టోపీ తెచ్చుకోండి.